ఊకలో గుడ్డు, మబ్బులో విమానం

అనగనగా విజయనగరం దాపున ఒక ఊళ్ళో, కోడిగుడ్లు అమ్ముకునే పైడితల్లి అని ఒకావిడ ఉండేది. ఊ కొడుతూ విను, కాళ్ళు ఆడించకు. రేపు మనకీ ప్రయాణం ఉంది, పెందలాడే పడుకోవాలి.

పైడితల్లి ప్రతి బుధవారం వెదురుబుట్టలో ఊక పోసి, ఊకలో గుడ్లు పేర్చి, బస్సెక్కి సంతకి వెళ్ళేది. ఆ దారంతా గోతులే. బస్సులో జనం నడుములు విరిగేవి గాని, ఆవిడ బుట్టలో ఒక్క గుడ్డూ పగిలేది కాదు.

ఆవిడకి పోలమ్మ అని ఒక అక్క ఉంది. పెళ్ళయ్యాక అండమాన్ దీవుల్లో స్థిరపడిపోయింది. అక్కాచెల్లెళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని పదకొండేళ్ళయింది. ఆ ఏడు ఎండాకాలం సెలవులకి పైడితల్లి కొడుకు, తల్లికీ తన కూతురు హాసినికీ విమానం టిక్కెట్లు తీశాడు. హాసినికి నీ అంత వయసే, ఎనిమిదేళ్ళు. నానమ్మ వెళ్తేనే తనూ వెళ్ళడం. లేకపోతే సముద్రమూ లేదు, దీవీ లేదు.

అయితే పైడితల్లికి విమానం అంటే గుండె దడ. గాలిలో విమానం కుదిపేస్తుందని పక్కింటావిడ చెప్పింది మరి. అప్పట్నుంచి సాయంత్రం కాగానే టీవీ ముందు చేరి వాతావరణ వార్తలు వినడం మొదలెట్టింది.

మొదటిరోజు బంగాళాఖాతంలో అల్పపీడనం అన్నారు. అప్పుడు సంచిలో సర్దిన చీరలన్నీ తీసి పెట్టెలో పెట్టేసింది. రెండోరోజు అది బలహీనపడిందన్నారు. అప్పుడు చీరలు మళ్ళీ సంచిలోకి ఎక్కాయి. మూడోరోజు, అంటే ప్రయాణానికి ముందురోజు, ఉరుములతో జల్లులు పడే అవకాశం ఉందన్నారు. పైడితల్లి చెయ్యి మళ్ళీ సంచి మీదికి వెళ్ళింది.

హాసిని పేచీ పెట్టలేదు. తన కొత్త గౌను తనే సంచిలోంచి తీసి, మడతపెట్టి ఒళ్ళో పెట్టుకుంది. అది చూసి పైడితల్లి సంచి మీంచి చెయ్యి తీసేసింది.

"జల్లు పడతాదని నానెప్పుడైనా సంత మానీసానేటి?" అంది. "ఆ గౌను సంచిలో ఎట్టు. ఎల్దాం."

మాట అన్నాక వెనక్కి తగ్గే మనిషి కాదు ఆవిడ. మర్నాడు పొద్దున్నే విశాఖ వెళ్ళి ఇద్దరూ విమానం ఎక్కారు. అక్కడ మాత్రం ఒక పొరపాటు చేసింది. తిన్న చద్దన్నం కడుపులో బరువుగా ఉందని, నడుముకి పెట్టుకునే బెల్టు వదులు చేసుకుంది. పిల్లకి ఒత్తుకుంటుందని హాసినిదీ వదులు చేసింది. ఎవరికీ కనబడకుండా పైన చీర కొంగు కప్పేసింది.

కాసేపటికి విమానం మబ్బుల్లో దూరింది. మొదటి కుదుపు వచ్చింది. చిన్నదే. అయినా పైడితల్లి బస్సు అలవాటు కొద్దీ, "ఆపండి బాబూ, దిగిపోతాం" అంటూ లేవబోయింది. దిగడానికి అక్కడ ఏముంది, మబ్బు తప్ప.

ఆ తర్వాత రెండో కుదుపు వచ్చింది. ఈసారి ఇద్దరూ సీట్లోంచి ఎగిరిపడ్డారు. హాసిని మోచెయ్యి కొట్టుకుంది. పిల్ల ఏడవలేదు గాని, నానమ్మ కొంగు గట్టిగా పట్టుకుంది. విమానంలో పనిచేసే అమ్మాయి తన సీట్లోంచే చెప్పింది. "ఇది గాలి కుదుపేనమ్మా. ఈ దారిలో ఉంటుందని పైలట్‌కి ముందే తెలుసు. మీరు బెల్టు బిగించుకోండి చాలు."

పైడితల్లి వదులుగా వేలాడుతున్న బెల్టు వంక చూసింది. ఊక తక్కువైన బుట్ట గుర్తొచ్చింది. బుట్ట ఎంత ఊగినా గుడ్డుకేం కాదు. బుట్టలో గుడ్డు విడిగా దొర్లితేనే పగులుతుంది. నలభై ఏళ్ళు గుడ్లు మోసిన దాన్ని, మనవరాల్ని ఊక లేని బుట్టలో కూర్చోబెట్టానా అని తన మీద తనకే కోపం వచ్చింది.

అప్పుడు హాసిని బెల్టు బిగించింది. తనదీ బిగించింది. శాలువా తీసి పిల్లకి అటూ ఇటూ కుక్కింది. "నువ్వు గుడ్డువి, ఇది ఊక. కదలకు" అంది.

మూడో కుదుపు వచ్చింది. అన్నిటికంటే పెద్దది. విమానం పల్లంలోకి జారినట్టు జారింది, వెనకాల ఎవరో కేక పెట్టారు. పైడితల్లికి భయం వేసింది, ఎందుకు వెయ్యదూ? కానీ పిల్ల చెయ్యి వదల్లేదు. సంత దారిలో ఉన్నట్టే, "ఇదొక గొయ్యి, ఇదింకో గొయ్యి" అని లెక్కపెట్టుకుంటూ కూర్చుంది. పదహారో గొయ్యి దాటాక మబ్బు విడిపోయి ఎండ వచ్చింది. కింద నీలం సముద్రం, అందులో పచ్చటి దీవులు.

విమానం దిగి వచ్చేసరికి బయట పోలమ్మ నిలబడి ఉంది. జుట్టంతా నెరిసిపోయింది. చెల్లెల్ని పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఆ తర్వాత కళ్ళు తుడుచుకుని, "ఏటే పైడీ, బయమేసిందేటి?" అని అడిగింది.

పైడితల్లి హాసిని తల నిమిరింది. "ఏసింది. గుడ్డు మాత్రం పగల్లేదు" అంది.

ఇటు తిరుగు, నీకూ దుప్పటి అటూ ఇటూ కుక్కనీ. రేపు విమానంలోనూ ఇలాగే కుక్కుతాను.

కుదుపు మబ్బుకి, గుడ్డు బుట్టకి,
కథ కంచికి, కళ్ళు నిద్రకి,
నువ్వూ నేనూ దుప్పట్లోకి.