వరహాలు పంచిన కారం గిన్నెలు

కాస్త అటు జరగరా పండూ, నా చెంగు నీ కింద పడింది. ఆఁ, అలా. కాళ్ళు దుప్పట్లోనే ఉంచు. ఇందాక కంచంలో కాకరకాయ ముక్క చూసి ముఖం ఎలా పెట్టావో గుర్తుందిగా? అందుకే ఇవాళ నీకు కాకరకాయ కథే చెప్తాను. ఊఁ కొట్టకపోతే సగంలో ఆపేస్తా, నీ ఇష్టం.

అనగా అనగా, రైలు గేటు పక్కనే ఒక ఊరు. ఆ ఊళ్ళో వరహాలు అని ఒకావిడ. ఆవిడ మొగుడి పేరు గవరయ్య. రైలు గేటంటే తెలుసుగా? రైలొచ్చే ముందు రోడ్డుకి అడ్డంగా దిగే పొడుగాటి కర్ర. అది దిగిందంటే బస్సు ఆగాలి, ఎడ్లబండి ఆగాలి, పెళ్ళికొడుకు ఎక్కిన కారైనా సరే నోరు మూసుకుని ఆగాలి.

వరహాలు, రత్నాయమ్మగారని ఒక పెద్దావిడ ఉంటే, వాళ్ళింట్లో వంట చేసేది. ఆ ఇంటికి వచ్చేపోయే చుట్టాలు ఎక్కువ. ఎన్ని రకాలు వండి పెట్టినా, వచ్చినవాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగి వేయించుకునేది మాత్రం కాకరకాయ కారమే. కాకరకాయల్ని చక్రాల్లా తరిగి, మజ్జిగలో ఊరబెట్టి, ఎండలో పెట్టి, దోరగా వేయించేది. ఆ తర్వాత ఎండుమిరపకాయలు, ధనియాలు, చింతపండు, వెల్లుల్లి వేసి రోట్లో దంచేది. వేడన్నంలో ఆ కారం, మీద ఒక చుక్క నెయ్యి. చేదు ఉందా అంటే ఉంది, లేదా అంటే లేదు. ఊరికే పలకరించి పోయేది.

"ఈ కారం ఎవరు చేశారండీ?" అని చుట్టాలడిగితే, "మా ఇంట్లోదే" అనేది రత్నాయమ్మగారు. అబద్ధమేం కాదు. కానీ తలుపు వెనక నించుని విన్న వరహాలుకి మాత్రం మనసు చివుక్కుమనేది.

అప్పుడు ఒక రోజు వరహాలు ధైర్యం చేసి, "అమ్మగారూ, నేనే సొంతంగా కారం కొట్టి అమ్ముకుంటాను" అంది.

రత్నాయమ్మగారు చెడ్డమనిషేం కాదు. ఒకటికి రెండుసార్లు ఆలోచించి, "సరే వరహాలూ. దీపావళి దాకా నీ పని ఇంకొకరికి ఇవ్వను. అప్పటికి కుదరకపోతే వచ్చెయ్యి. కానీ ఒకసారి వచ్చాక మళ్ళీ వెళ్తానంటే నేనొప్పుకోను" అంది.

వరహాలుకి వెనక్కి వెళ్ళడం ఇష్టం లేదురా. ఆ వంటింట్లో లోటేం లేదు. అయినా తను చేసిన దానికి తన పేరు ఉండాలని ఆశ. తప్పా చెప్పు?

ఇంటి అరుగు మీద బల్ల వేసింది. బల్ల మీద జాడీ పెట్టింది. జాడీ పక్కన తక్కెడ పెట్టింది. గవరయ్య ఒక అట్టముక్క మీద బొగ్గుతో 'కాకరకాయ కారం దొరుకును' అని రాసి గోడకి తగిలించాడు. ఉన్న డబ్బంతా మిరపకాయలకీ నూనెకీ అయిపోయింది. ఇక కూచుని ఎదురుచూడటమే.

ఎదురుచూశారు. ఎవరూ రాలేదు. ఒక మేక మాత్రం వచ్చి, ఆ అట్టముక్క ఒక మూల నమిలి పోయింది.

ఎందుకొస్తారు? వాళ్ళ ఇల్లు రోడ్డు మీద కాదు, సందులో ఉంది. పైగా కారాలు ఎవరింట్లో వాళ్ళు కొట్టుకుంటారు, అందులోనూ కాకరకాయంటే సగం మంది నీలాంటి వాళ్ళే! పెద్ద బజారులో మిఠాయి కొట్టువాళ్ళు ఉన్నారు. వాళ్ళయితే ఆటోకి మైకు కట్టించి ఊరంతా తిప్పేవాళ్ళు. ఆ గోలకి పడుకున్న పసిపిల్లలు ఉలిక్కిపడి లేచేవాళ్ళు. గవరయ్య వెళ్ళి ఆ మైకు ఆటో ఒక పూటకి ఎంతవుతుందని అడిగొచ్చాడు. వచ్చి, చెంబెడు మంచినీళ్ళు గటగటా తాగాడు. దాంతో వరహాలుకి అర్థమైపోయింది.

"మైకు లేకపోతేనేం, నా గొంతు లేదా?" అన్నాడు గవరయ్య ఆ తర్వాత. సైకిలెక్కి, "కాకరకాయ కారమండీ! వరహాలు కారమండీ!" అని అరుచుకుంటూ వీధులన్నీ తిరిగాడు. మొదటి వీధిలో పిల్లలు వెంటపడ్డారు. రెండో వీధికి ఇంకొంతమంది కలిశారు. మూడో వీధికొచ్చేసరికి, ఆయన "కాకరకాయ కారం" అంటే వెనకనుంచి వాళ్ళందరూ "చేదు! చేదు! చేదు!" అని ఎగురుతున్నారు. ఆయన గొంతు ఒకటి, వాళ్ళవేమో ఇరవై. ఊరంతటికీ వినబడింది 'చేదు' ఒక్కటే. నువ్వు గనక అక్కడుంటే వాళ్ళందరికంటే ముందుండేవాడివి, నాకు తెలీదూ!

సాయంత్రానికి గవరయ్య గొంతు బొంగురుపోయింది. వరహాలు మిరియాల పాలు కాచి ఇచ్చింది. అప్పుడు ఆవిడకొక ఉపాయం తట్టింది. చెప్తే ఎవరు నమ్ముతారు, రుచి చూపిస్తే కదా తెలిసేది!

ఆవిడ పెళ్ళికి వాళ్ళ నాన్న చిన్న చిన్న స్టీలు గిన్నెలు పెట్టాడు. వాటి అంచు మీద 'వరహాలు' అని చెక్కించి మరీ ఇచ్చాడు. ఆ గిన్నెల్లో తలా కాస్త కారం పెట్టి, వీధిలో ఇంటింటికీ ఇచ్చొచ్చింది. "రుచి చూడండి" అంది, అంతే. 'బాగుంటే వచ్చి కొనుక్కోండి' అనే మాట మాత్రం గొంతులోనే ఉండిపోయింది. ఇరుగుపొరుగు వాళ్ళతో అలా ఎలా అంటాం?

ఇక చూడు పండూ. మనవాళ్ళకొక అలవాటుంది కదా, ఎవరింటి గిన్నెనైనా ఉత్తగా తిరిగి పంపరు. ఏదో ఒకటి పెట్టి పంపాలి. మీ అమ్మ కూడా పక్కింటి పిన్నిగారి గిన్నె తిరిగి ఇచ్చేటప్పుడు కనీసం గుప్పెడు పంచదారైనా పోస్తుంది, చూశావా?

మర్నాడు పక్కింటి పార్వతమ్మ గిన్నె నిండా జున్ను పెట్టి తెచ్చింది. "నీ కారం అమృతంలా ఉందమ్మా" అంది. ఆ తర్వాత ఎదురింటివాళ్ళ గిన్నె గోంగూర పచ్చడితో వచ్చింది. ఆ తర్వాత చివరింటివాళ్ళ గిన్నెలో ఉలవచారు వచ్చింది. గవరయ్యకి పండగే పండగ. ఉలవచారులో అన్నం కలుపుకుంటూ, "వ్యాపారం బ్రహ్మాండంగా ఉంది వరాలూ!" అన్నాడు.

"ఏం బ్రహ్మాండం? జాడీ సగం ఖాళీ అయింది, డబ్బాలో పైసా లేదు!" అంది వరహాలు.

ఇంతలో పార్వతమ్మ మళ్ళీ వచ్చి, "ఇంకొంచెం కారం ఉందా వరాలూ? మా ఆయన ఒకటే అడుగుతున్నాడు" అంది. వరహాలు తక్కెడ వైపు చూసింది. పార్వతమ్మ ముఖం వైపు చూసింది. "అయ్యో వదినా, దానికేం భాగ్యం, తీసుకెళ్ళు" అని గిన్నె నింపి ఇచ్చింది. లోపల గవరయ్య నెత్తి కొట్టుకున్నాడు.

కొన్నాళ్ళకి ఇంకో వింత జరిగింది. వరహాలు గిన్నెలు పట్టుకుని వస్తుంటే వీధిలో తలుపులు మూసుకోవడం మొదలైంది. చివరికి పార్వతమ్మే నోరు విప్పింది. "ఏమనుకోకమ్మా. నీ గిన్నె వచ్చిందంటే నింపి పంపాలి కదా. రోజూ ఏం పెట్టను? జున్ను చేయడానికి మా గేదె రోజూ ఈనుతుందా?"

వరహాలు ఇంటికొచ్చి గుమ్మంలో కూలబడి ఏడ్చేసింది. దీపావళి దగ్గర పడుతోంది. మళ్ళీ ఆ వంటింట్లోకే, ఆ తలుపు వెనక్కే వెళ్ళాలి కాబోలు అనుకుంది. గిన్నెలన్నీ కడిగి బోర్లించింది. చూస్తే ఒకటి తక్కువ.

"సోములమ్మ మామ్మ దగ్గరుండిపోయింది. వెళ్ళి అడుగు" అన్నాడు గవరయ్య.

"పోనీలే, ముసలావిడ" అంది వరహాలు.

సోములమ్మ అంటే సందు చివర పాకలో ఒక్కతే ఉండే ముసలమ్మ. పెట్టుపోతలకి ఏమీ లేని మనిషి. కానీ మాటలంటావా, వసపిట్టే!

అలా ఉండగా ఒక రోజు, అరుగు ముందు ఎవరో కొత్త మనిషి వచ్చి నించున్నాడు. ఖాకీ చొక్కా, చెమటలు. "కాకరకాయ కారం వరహాలుగారంటే మీరేనా అమ్మా? తొందరగా ఇవ్వండి, గేటు లేస్తే నా బస్సు వెనక బండ్లన్నీ హారన్లు కొడతాయి. ఎంత?" అన్నాడు.

'అయ్యో, దానికేం భాగ్యం, తీసుకెళ్ళండి' అనే మాట వరహాలు నాలుక చివరిదాకా వచ్చేసింది. లోపల్నుంచి గవరయ్య గట్టిగా దగ్గాడు.

"పొట్లం పది రూపాయలు" అంది వరహాలు, నేల చూపులు చూస్తూ.

"మూడివ్వండి" అన్నాడు బస్సు డ్రైవరు. డబ్బులు చేతిలో పెట్టి పరుగెత్తాడు. అంతే! ధర చెప్పినందుకు కోప్పడలేదు. ముఖం మాడ్చుకోలేదు. ఆకాశం విరిగి మీద పడలేదు. వరహాలు ఆ నోట్లు పట్టుకుని అలాగే నించుండిపోయింది.

ఆ తర్వాత ఒక టీచరమ్మ వచ్చింది. ఆ తర్వాత సంతకి వెళ్ళే ఇద్దరు రైతులొచ్చారు. అందరూ గేటు వైపు నుంచే వచ్చారు. అందరూ ఆవిడ పేరు చెప్పి మరీ అడిగారు. ఇదేదో చూడాలని వరహాలు గేటు దగ్గరికి నడిచింది.

గేటు దిగి ఉంది. గూడ్సు బండి తీరిగ్గా పోతోంది. ఆగిన బస్సు పక్కన, నీడలో, సోములమ్మ కూచుని అన్నం తింటోంది. ఇంట్లో ఒక్కతే తినలేక ఆవిడ రోజూ ఇక్కడికే తెచ్చుకుంటుందట. ఒళ్ళో వరహాలు గిన్నె ఉంది. కారం కలిపిన ముద్ద నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, "అబ్బ!" అంటోంది. కిటికీలోంచి చూస్తున్న వాళ్ళకి నోరూరదూ మరి!

"ఏం తింటున్నావు మామ్మా?" అని ఎవరో అడగనే అడిగారు.

"కాకరకాయ కారం బాబూ. సేదని బయపడకు, సెయ్యి పట్టు!" అని చిటికెడు వేసింది. ఆ తర్వాత గిన్నె ఎత్తి అంచు మీద పేరు చూపించింది. "ఇదిగో, వరాలని మా పిల్లే. ఆ సందులో రెండో ఇల్లు."

అప్పుడు తలెత్తి వరహాలుని చూసింది. చూసి, చటుక్కున గిన్నెని చెంగు కింద దాచేసింది.

"నీ గిన్నె ఎగ్గొట్టేద్దామని కాదే పిల్లా" అంది, తల దించుకుని. "ఉత్త గిన్నె ఎలాగిచ్చేది? నింపుదామంటే నా ఇంట్లో ఏటుంది? రోజూ రెండు మెతుకులకి అంటించుకుని, మిగతాది అడిగినోళ్ళకి పెడతన్నాను."

వరహాలు ఆ మట్టిలోనే ఆవిడ పక్కన కూచుంది. ఆవిడ భుజం మీద తల పెట్టి, నవ్వుతూ ఏడ్చింది. "మామ్మా, ఆ గిన్నె నీ దగ్గరే ఉంచు. ఖాళీ అయినప్పుడల్లా నేనే వచ్చి నింపుతాను" అంది.

అప్పట్నుంచి రోజూ అలాగే. రైలొచ్చేది, గేటు దిగేది, సోములమ్మ నోరు లేచేది! గేటు పుణ్యమా అని వరహాలు అరుగు ముందు జనం. బయటివాళ్ళు డబ్బిచ్చి కొనడం చూసి ఒకనాడు పార్వతమ్మ కూడా చిల్లర తీసుకొచ్చింది. "మాకు మాత్రం ఊరికే ఎందుకిస్తావు? తీసుకో. హమ్మయ్య, ఇక నాకు జున్ను బాధ తప్పింది!" అంది. ఇద్దరూ పడీ పడీ నవ్వుకున్నారు.

దీపావళి వచ్చింది. రత్నాయమ్మగారే స్వయంగా వచ్చింది. అరుగు మీద జాడీలు చూసింది, జనాన్ని చూసింది. "ఇక రావన్నమాట" అంది.

"రానమ్మగారూ. మీ ఇంట్లో చుట్టాలకి కారం కావాలంటే మాత్రం పంపిస్తాను. పొట్లం పది రూపాయలు" అంది వరహాలు. ఈసారి నేల చూడలేదు. రత్నాయమ్మగారు చిన్నగా నవ్వి, రొంటిన దోపుకున్న సంచీ విప్పింది.

ఆ సాయంత్రం దీపాలు పెట్టాక, వరహాలు సోములమ్మని ఇంటికి పిలిచి పీట వేసి కూచోబెట్టింది. "మామ్మా, నీ వల్లే నాకు బేరాలు. నీ కష్టానికి ఎంతివ్వను?" అంది.

"ఛీ ఛీ! నోటి మాటకి డబ్బులేటి? నీకాడ డబ్బులడగడానికి నాకు సిగ్గుకాదేటి..." అని సోములమ్మ లేచిపోబోయింది.

వరహాలు చెయ్యి పట్టుకుని మళ్ళీ కూచోబెట్టింది. "ఆ సిగ్గుతోనే నా కొట్టు మునిగిపోబోయింది మామ్మా. నువ్వు అడగాల్సిందే. గట్టిగా అడుగు."

సోములమ్మ చాలాసేపు చెంగు నలిపింది. గవరయ్య వైపు చూసింది, దీపం వైపు చూసింది. ఆ తర్వాత మెల్లిగా మొదలుపెట్టింది.

"పొట్లానికి అర్ధరూపాయి."

"సరే" అంది వరహాలు.

"పండక్కో కోక."

"సరే."

సోములమ్మకి ధైర్యం వచ్చేసింది. నడుం నిటారుగా పెట్టి కూచుంది. "ఇంకోటుంది. రోజూ రేతిరన్నం ఇక్కడే తింటాను. తిన్నాక నాను ఊసులు సెప్తాను. అయ్యే వరకూ మీరిద్దరూ మజ్జిలో లేవకూడదు."

గవరయ్య రెండు చేతులూ జోడించాడు. "మొదటి రెండూ ఇంకాస్త పెంచుకో మామ్మా, మూడోది వదిలెయ్యి!" అన్నాడు.

"అదొద్దంటే బేరం లేదు" అంది సోములమ్మ.

వరహాలు నవ్వాపుకోలేక, లేచి మూడు కంచాలు పెట్టింది. ఆ పూట వేడన్నమూ, కాకరకాయ కారమూ. సోములమ్మ తినడం అయిపోయింది, చెయ్యి ఎండిపోయింది, ఊసులు మాత్రం అవ్వలేదు. ఎవరూ మధ్యలో లేవలేదు.

ఊఁ కొట్టడం మానేశావేంరా? నిద్రొచ్చేసిందా? సరే సరే, రేపు ఒక్క ముక్క తిను చాలు, నేనేం ఎక్కువ అడగను.

కథేమో కంచి దారి పట్టింది,
కారమేమో జాడీలో సర్దుకుంది,
ఇల్లేమో మన చుట్టూ ఉండనే ఉంది,
మా పండు కన్నేమో మూత పడింది.