వాగు వచ్చిన నాటి దరువు

ఈ ముచ్చట మొదట చెప్పినవాడు మొగిలి. ఆ రోజు పోశెల్లి గురువు వెంట డప్పులు మోసుకుపోయింది అతనే. తక్కినవాళ్లది విన్న మాట, అందులోనూ సగం కల్తీ.

పోశెల్లి డప్పు నేర్పే గురువు. శిష్యుడు ఓదెలు ఒకనాడు ఆయన ముందు చతికిలబడ్డాడు.

"గురువా, వాగు పొంగిన నాడు మా బాపు సొంత తమ్ముణ్ణి ఇడిసిపెట్టి ఉరికిండని ఊరంత అంటది. బాపునడిగితే నోరు తెరవడు. ముసలోడైండు. ఆ మాట నెత్తినేసుకొనే పోతడా? ఎట్లడగాలె?"

గురువు లేచి నిలబడ్డాడు. "మొగిలీ, డప్పులెత్తు" అన్నాడు.

ఓదెలు వాకిట్లో గడ్డి మంట వేసి డప్పులు కాచారు. తండ్రి నాంపెల్లి మంచంలో గోడవైపు తిరిగి పడుకున్నాడు. గురువు పలకరించనైనా లేదు. వరద వస్తుంటే ఊరిని లేపే దరువు ఎత్తుకున్నాడు. ఎత్తుకోవడమే తప్పుగా! ఓదెలు గురువు చేతుల వంక చూశాడు. పది ఊళ్లు మెచ్చిన చెయ్యి, ఇదేమి వాయింపు? నోరు తెరవబోతే గురువు కన్నెర్రజేసి, ఇంకా అధ్వానంగా కొట్టాడు.

ముసలాయన దిగ్గున లేచి కూచున్నాడు.

"ఆపు! పీనుగు ముందర కొట్టినట్టు ఏందది? మందిని ఉరికించే దరువది! ఇటు తే!"

డప్పు లాక్కున్నాడు. డప్పు కొట్టే సిర్ర అందగానే ఆ చేతులు వణుకు మరిచాయి. వాడ జనమంతా గుమ్మాల్లోకి వచ్చేశారు.

"గిట్ల! గుద్దాలె, ఆగాలె. ఆగితెనే మంది చెవి పెడతరు. నేను మీది వాడల, తమ్ముడు కనకడు కింది వాడల. వాని కాళ్లు నాకన్న చురుకని నేనే తోలిన కిందికి. నేను కొట్టుకుంటనే వాని దరువు ఇంటున్న..." చెయ్యి గాలిలోనే నిలిచిపోయింది. "ఆగింది. మళ్ల ఎత్తుకుంటడని నిలబడ్డ. నిలబడ్డ గని, వాన్ని ఇడిసిపెట్టి ఉరకలే."

ఓదెలు తండ్రి మోకాళ్లు పట్టుకున్నాడు. "బాపూ, మరి ఊరోళ్లు..."

"ఊరోళ్ల మాట ఇడువు. కింది వాడల ఒక్కలన్న పోయిండ్రా? అందరు గుట్టెక్కిండ్రు! కొట్టుడంటే మీ చిన్నబాపు కొట్టుడు, బిడ్డా!" ముసలాయన కళ్లు కారుతున్నాయి, ముఖం వెలిగిపోతోంది. ఇక ఆయన్ని ఆపడం ఎవరి తరమూ కాలేదు.

మర్నాడు ఓదెలు ఒగరుస్తూ గురువు దగ్గరికి ఉరికాడు. "ఇన్నేండ్లు నేనడిగితే చెప్పనిది, నీకెట్ల చెప్పిండు గురువా?"

"నువ్వు అడిగినవ్. నేను తప్పు కొట్టిన" అన్నాడు గురువు. అంతే అన్నాడు.

పక్క ఊరి మేళగాళ్లు మాత్రం, పోశెల్లికి ఆ దరువు రాదనీ, నాంపెల్లి ముందు పరువు పోగొట్టుకున్నాడనీ ఇప్పటికీ ఇకిలిస్తారు. వచ్చు. వాళ్ల తాతలకంటే బాగా వచ్చు. అటు పోయేవాళ్లెవరైనా ఉంటే, కాస్త ఆ మాట సరిదిద్ది రండి.