మందాకిని మతిమరుపు

"మందాకినీ! ఓ మందాకినీ! ఎక్కడున్నావే తల్లీ?"

పైడిరాజు వరండాలో మోకాళ్ల మీద పాకుతూ బీరువాల కిందికి తొంగి చూస్తున్నాడు. ఆ గొంతులో ఎంత ప్రేమ ఉందంటే, మెట్లు దిగుతున్న ఫిజిక్సు అమ్మాయిలిద్దరు ఆగిపోయి, పాపం ఎవరికో ఏదో అయిందనుకున్నారు.

"అలిగి వెళ్లిపోయిందా? ఏమన్నావేంటి మరి?" అంది నస్రీన్, ల్యాబు గుమ్మంలో నిలబడి. పరిశోధనలో అతని కంటే సీనియర్ ఆమె.

"నవ్వకక్కా. బోను తలుపు సరిగా పడలేదు. దానికసలే జ్ఞాపకశక్తి పోయింది. తిరిగి ఎలా రావాలో కూడా తెలీదు."

మందాకిని ఒక తెల్ల ఎలుక.

వెతగ్గా వెతగ్గా దొరికింది. పైడిరాజు బల్ల కింది సొరుగులో, వాళ్లమ్మ పంపిన సున్నుండల డబ్బా పక్కన, మూతి నిండా పిండితో తీరిగ్గా కూర్చుని ఉంది. ఎలుకల గది దాటి, వరండా దాటి, ల్యాబులోకి వచ్చి, ఇన్ని బల్లల్లో అతని బల్ల, అతని సొరుగు వెతుక్కుని, ఎవర్నీ దారి అడక్కుండా వచ్చేసింది.

"మతి పోయిన పిల్లకి సున్నుండలు బాగానే గుర్తున్నాయే!"

"ఆకలి వేరు, జ్ఞాపకం వేరక్కా," అన్నాడు పైడిరాజు, దాన్ని గుండెకి హత్తుకుని.

మూల మైక్రోస్కోపు మీద వంగి ఉన్న వారిజాక్షి గారు ఆ మాటకి తల ఎత్తారు. ఎలుకని చూశారు, శిష్యుణ్ణి చూశారు. మళ్లీ వంగారు.

సముద్రం కనబడే ఆ గుట్ట మీద, ఆ యూనివర్సిటీలో, వారిజాక్షి గారంటే ఒక పెద్ద ముచ్చట. వయసులో ఉన్నప్పుడు ఆవిడ మెదడు మనిషి. ఎలుక మెదడులో ఒక్కొక్క కణం ఎలా మాట్లాడుతుందో యంత్రం పెట్టి వినేవారట. చెవి దగ్గర పెట్టుకుంటే వాన మొదలైనప్పుడు రేకుల మీద చినుకులు పడ్డట్టు టప్, టప్ అని వినిపించేదట. ఆ మాట విన్న రోజునే పైడిరాజు, చదివితే ఈవిడ దగ్గరే చదవాలి అనుకున్నాడు.

అయితే అతను వచ్చేసరికి ఆ యంత్రం మీద గుడ్డ కప్పి ఉంది. ఆవిడ వెండి రేణువుల్లో పడ్డారు.

దానికి కారణం ఒక జత మేజోళ్లు. ఎప్పుడో బజార్లో ఆవిడ మేజోళ్లు బేరం చేస్తుంటే, "నానో వెండి కలిపారు మేడమ్, ఎన్ని రోజులు తొడిగినా వాసన రాదు," అన్నాడట కొట్టువాడు. ఉతికితే ఆ వెండి ఎటు పోతుందని ఆవిడ అడిగారు. వాడికి తెలీదు. ఇంటికొచ్చి పుస్తకాలు తిరగేశారు. అంత సన్నటి రేణువు ఒంట్లోకి వెళితే మెదడు చుట్టూ ఉన్న గోడ దాన్ని ఆపుతుందా అంటే, పుస్తకాలకీ సరిగ్గా తెలీదు. దాంతో నెత్తి నెరిసే వయసులో వెళ్లి కెమిస్ట్రీ పిల్లల పక్కన బెంచీ మీద కూర్చుని మొదట్నుంచీ నేర్చుకున్నారు.

"మెదడు వదిలేసి దుమ్ము పట్టుకున్నారేంటండీ?" అని తోటివాళ్లు నవ్వితే, "నేనెక్కడికీ పోలేదు, దుమ్మే మెదడులోకి వస్తోంది," అనేవారట.

ఇప్పుడు పైడిరాజు చేస్తున్నది అదే పని. సగం ఎలుకలకి వెండి రేణువుల నీళ్లు, సగానికి ఉత్త నీళ్లు. కొన్నాళ్లయ్యాక ఒక్కొక్కదాన్నీ తెల్లటి నీళ్ల తొట్టిలో వదలాలి. ఆ నీళ్ల కింద, పైకి కనపడకుండా, చిన్న పీట ఉంటుంది. పీట ఎక్కడుందో ఎలుకలకి ముందే నేర్పుతారు. గుర్తున్న ఎలుక నేరుగా ఈదుకెళ్లి ఎక్కేస్తుంది. గుర్తులేనిది తిరుగుతుంది. ఎంతసేపు తిరిగిందో పైడిరాజు స్టాప్‌వాచ్ పట్టుకుని చూడాలి.

వెండి నీళ్లు లేత పసుపుగా, పల్చటి టీలా ఉంటాయి. అందుకని మేడమ్ అన్ని సీసాలకీ నల్ల కాగితం చుట్టి, తన చేత్తోనే నింపి పెడతారు. ఏ వరసకి ఏది పోశారో అంతా అయ్యేదాకా చెప్పరు. "గడియారం పట్టుకున్న చేతికి సీసాలో ఏముందో తెలియకూడదు." ఆ ల్యాబులో దేవుడి పటం లేదు కానీ ఆ మాట మాత్రం ఉంది.

మొదటి విడత ఫలితాలు అద్భుతంగా వచ్చాయి. వెండి తాగిన ఎలుకలన్నీ దారి తప్పాయి, నీళ్లు తాగినవన్నీ గబగబా వెళ్లి పీటెక్కాయి. ఒక్కటంటే ఒక్కటి మాట తప్పలేదు. పైడిరాజుకి రాత్రుళ్లు నిద్ర పట్టలేదు. పేపరు అచ్చవుతుంది. ఎక్కడో చలిదేశంలో, పెద్ద హాల్లో, అతని పేరు చదువుతారు. అతను మెల్లగా లేచి నడుస్తాడు. కిటికీ బయట మంచు కూడా పడుతుంటుంది.

మేడమ్ మాత్రం, "కొత్త ఎలుకలతో ఇంకొక్క విడత చూద్దాం. ఇది కూడా ఇలాగే వస్తే సంతకం పెట్టేస్తాను," అన్నారు.

రెండో విడతా అచ్చం అలాగే వచ్చింది, ఒక వరసంతా దారి తప్పింది, ఇంకో వరసంతా పీటెక్కింది. ఏ వరసకి ఏది పోశారో మాత్రం మేడమ్ ఇంకా చెప్పలేదు. ఈ సాయంత్రమే పేపరు పంపాలి.

పైడిరాజు మందాకినిని బోనులో పెట్టి, తలుపు రెండుసార్లు లాగి చూస్తుండగా మేడమ్ ఎలుకల గదిలోకి వచ్చారు. పేపరు చేతిలో ఉంది. సంతకం పెట్టడానికే వచ్చారనుకుని జేబులోంచి పెన్ను తీశాడు.

ఆవిడ పెన్ను తీసుకోలేదు. బోనుల ముందు నడుస్తూ వాటికి అంటించిన చీటీలు చదివారు. కుడి వరసలో గుండ్రటి అక్షరాలతో మందాకిని, హిరణ్మయి, నీలవేణి, ప్రతి పేరు పక్కనా ఒక పువ్వు. ఎడమ వరసలో ఉత్త అంకెలు.

"ఈ పక్క పిల్లలకి పేర్లు లేవేమయ్యా?"

"అదీ... పేర్లయిపోయాయి మేడమ్."

"అయ్యో. ఒక్క అప్పాయమ్మ అన్నా మిగల్లేదా?"

గుమ్మంలో నస్రీన్ నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది.

బల్ల మీద రేపటి కోసం నింపిన సీసాలు బోనుల్లాగే రెండు వరసలుగా ఉన్నాయి. అన్నిటికీ నల్ల కాగితమే. మేడమ్ ఎడమ వరస సీసా ఒకటి తీసి, మూత తిప్పి, గటగటా రెండు గుక్కలు తాగారు.

"మేడమ్, ల్యాబులో ఏమీ తాగకూడదని మీరే కదా..." అని నసిగాడు పైడిరాజు.

"అవును, తప్పే," అని ఆవిడ ఆ సీసా కింద పెట్టి, కుడి వరస సీసా అందుకున్నారు. మూత తీసి నోటి దగ్గర పెట్టుకున్నారు.

"వద్దు మేడమ్!" పైడిరాజు ఒక్క గంతులో బల్ల దాటాడు. స్టూలు పడిపోయింది. ఆవిడ చెయ్యి పట్టుకునేలోపే రెండు గుక్కలు లోపలికి పోయాయి. "అది వెండి మేడమ్! ఉమ్మేయండి! అక్కా, నీళ్లు! అక్కా, ఆటో పిలువు!"

నస్రీన్ కదల్లేదు.

మేడమ్ కొంగుతో మూతి తుడుచుకున్నారు.

"మొదటిది తాగితే నీకు రూలు గుర్తొచ్చింది. రెండోది తాగితే నా ప్రాణం గుర్తొచ్చింది. రెండిటికీ నల్ల కాగితమే కదయ్యా?"

పైడిరాజు పడిపోయిన స్టూలు లేపి నిలబెట్టాడు.

"వాటి తీరు చూస్తే తెలిసిపోదా మేడమ్? మందాకిని కళ్లు చూడండి. ఎక్కడో పోగొట్టుకున్నదాన్ని వెతుక్కుంటున్నట్టు ఉండవూ?"

మందాకిని మూతికంటిన సున్నుండ పిండి నాకుతోంది.

"ఈ విడతలో వెండే లేదు నాయనా. పొయ్యి మీద చక్కెర మాడ్చి, కుడి వరస సీసాల్లో రంగు కోసం రెండు చుక్కలు కలిపాను. మా ఇంట్లో బాండీ ఇంకా తోమలేదు."

పైడిరాజు చలిదేశపు హాల్లో ఒక్కొక్క దీపమే ఆరిపోతున్నట్టనిపించింది. మంచు కూడా ఆగిపోయింది.

తిడతారనుకున్నాడు. తిడితే బాగుండుననుకున్నాడు. ఆవిడ మాత్రం బోను తలుపు తీసి, మందాకినిని తెచ్చి అతని చేతుల్లో పెట్టారు. స్టాప్‌వాచ్ కూడా ఇచ్చారు.

"వదులు."

తొట్టి దగ్గరికి వెళ్లాడు. ఒక చేత్తో గడియారం నొక్కుతూ, రెండో చేత్తో మందాకినిని తెల్లటి నీళ్లలో వదిలాడు.

మందాకిని ఒకసారి ముక్కు పైకెత్తింది. చిన్న గీత గీసినట్టు నేరుగా ఈదింది. పీట ఎక్కింది. ఒళ్లు దులుపుకుని, ముందుకాళ్లతో మొహం కడుక్కుంది. తర్వాత పైడిరాజు వైపు చూస్తూ కూర్చుంది, సున్నుండ ఏదీ అన్నట్టు.

పైడిరాజు చూస్తూనే ఉన్నాడు. ఎంత అందంగా ఉంది! తడిసిన మీసాలు, పాపం, ఎంత ఒంటరిగా...

"పీట ఎక్కేసిందయ్యా," అన్నారు మేడమ్, అతని భుజం పక్కన నిలబడి, చాలా మెత్తగా. "ఇంకా దేనికి ఎదురుచూస్తున్నావు?"

అతను కిందికి చూశాడు. గడియారంలో అంకెలు పరిగెడుతూనే ఉన్నాయి. దాని మీద బొటనవేలు ఉంది. ఎవరో తమ వేలు అక్కడ మర్చిపోయినట్టు ఉంది.

నొక్కాడు.

మేడమ్ ఆ అంకె చూడలేదు. పేపరు నాలుగు మడతలు పెట్టి, కదులుతున్న బల్ల కాలు కింద దూర్చారు. బల్ల నిలబడింది. చీటీలన్నీ పీకి, అన్ని వరసలకీ మొదట్నుంచి అంకెలు రాయమని నస్రీన్‌కి చెప్పి గుమ్మం దాకా వెళ్లారు.

"మేడమ్!"

ఆగారు. వెనక్కి తిరగలేదు.

పైడిరాజు మందాకినిని తువ్వాలుతో తుడుస్తున్నాడు. మాట తలలోంచి కాదు, అరికాళ్ల దగ్గర్నుంచి పైకి వస్తోంది.

"కాగితం ఎత్తి చూశాను మేడమ్. మొదటి విడతలో కూడా. ఇవి వెండి తాగుతున్నాయని తెలిశాక నాకు ఏడుపొచ్చింది. పేర్లు పెట్టుకున్నాను. అప్పట్నుంచీ..." మందాకిని చెవులు తుడిచాడు. "అప్పట్నుంచీ ఇవి పీట ఎక్కితే నా కథ పాడైపోయినట్టు ఉండేది. అందుకని, ఎక్కినా ఎక్కనట్టే చూశాను మేడమ్."