తుఫాను ముడి

ఒకప్పుడు తుఫాను గుండ్రంగా తిరిగేది కాదు. సముద్రం మీంచి తిన్నగా వచ్చేది, తిన్నగా పోయేది, మేతకెళ్ళిన గేదెలు ఇంటికొచ్చినట్టు. మధ్యలో ఆగడమన్న మాటే లేదు.

ఇది మీ పుస్తకాల్లో దొరకదు. నాకు తెలుసు. మా ముత్తాత చుట్ట ముట్టించుకుని తుఫానుకి ఎదురు నిలబడితే చుట్ట ఆరలేదు, తుఫానుకే దగ్గొచ్చింది. నవ్వండి, నవ్వండి. నవ్వాల్సినోళ్ళు ఇప్పుడే నవ్వేయండి.

ఆ రోజుల్లో తుఫాను ఒక ఆడమనిషి. జుట్టు ఎంత పొడుగంటే, ఆమె ఒడ్డుకొచ్చి నిలబడ్డా కొసలింకా నడిసముద్రంలో చేపల్ని తడుముతుండేవి. దువ్వడానికి తల్లి లేదు, ముడెయ్యడానికి అక్క లేదు. విరబోసుకునే తిరిగేది.

ఒడ్డున చిట్టచివర ఒక తాటాకు ఇల్లు. అందులో ఎర్రయ్య, ఆడి పెళ్ళాం దాలమ్మ, ఎర్రయ్య తల్లి, ఆళ్ళ పసిగుంట గున్నమ్మ. గున్నమ్మకి అప్పుడప్పుడే నడకొచ్చింది. కాస్త నడిచి కూలబడేది. కూలబడినందుకు తనే చప్పట్లు కొట్టుకునేది.

ఒకనాడు పొద్దున్నే ఆకాశం నల్లబడింది. ఎర్రయ్య వలని ఇంటి కప్పు మీద పరిచి అంచులకి రాళ్ళు కట్టేడు. తలుపుకి తెడ్డు అడ్డం పెట్టేడు. గాలి మొదలైంది. ఇల్లు గజగజలాడింది. గున్నమ్మ ఏడుపు లంకించుకుంది.

ఎర్రయ్య ఏం చేసేడో తెలుసా. నెత్తి మీద చేట బోర్లించుకుని గెంతేడు. నడుం తిప్పేడు. పీతలాగ పక్కకి నడిచేడు.

"మీసాలొచ్చేయి గానీ బుద్ధి రాలేదురా నీకు," అంది ముసల్ది.

"నువ్వు కన్నోడినే కదే అమ్మా, ఎవర్నంటావు?" అన్నాడు ఎర్రయ్య, గెంతుతూనే.

గున్నమ్మ ఏడుపాపింది. లేచి, చేతులు రెండూ నెత్తి మీద పెట్టుకుని, పిర్రలూపి, ఒక కాలెత్తింది. ఎత్తిన కాలు ఎక్కడ పెట్టాలో తెలీక దబ్బున కూర్చుంది. ఇంట్లో అందరూ పగలబడి నవ్వేరు.

ఆ నవ్వు బయటికి వినపడింది. తుఫాను అంతవరకూ ఏ ఊరెళ్ళినా ఏడుపులే వింది. తనొస్తే నవ్విన ఇల్లు ఇదొక్కటే. కప్పులో ఒక తాటాకు పక్కకి తీసి లోపలికి చూసింది.

"ఏటి చేస్తన్నారు?" అని అడిగింది.

ఎర్రయ్య నెత్తి మీది చేట కిందపడింది. దాలమ్మ పిల్లని గుండెకి అదుముకుంది. ముసల్ది మాత్రం బెదరలేదు.

"పిల్ల ఆడతంది. కనపడతల్లేదా?"

"ఒక్కసారి ఎత్తుకుంటానమ్మా. ఇలాంటిది నాకు లేదు."

"పసిబిడ్డ ఉన్న ఇంటికి జుట్టు విరబోసుకుని వస్తారటే? ఎవరూ చెప్పలేదా నీకు?"

"చెప్పడానికెవరున్నారు?"

ముసల్దాని గొంతు మెత్తబడింది. "సరే పో. ఆ జుట్టంతా దగ్గరికి లాక్కుని ముడేసుకో. గట్టిగా వెయ్యి. అప్పుడు రా. పిల్లని నీ ఒళ్ళో కూకోబెడతాను."

తుఫాను ఇంటి ముందు ఇసకలో సముద్రం వైపు తిరిగి కూర్చుంది. నీళ్ళలోంచి జుట్టంతా లాక్కుని వీపు వెనక పోసుకుంది. కొండంత కుప్ప అయింది. ఆమె కూర్చోగానే గాలి ఆగిపోయింది. ఎండ కూడా వచ్చింది.

ఇంక ముడెయ్యడం మొదలెట్టింది. చుడుతుంది, జారిపోతుంది. మళ్ళీ చుడుతుంది, మళ్ళీ జారిపోతుంది. ఎప్పుడూ ముడెయ్యని చేతులు మరి. మీకేం, రోజూ మీ అమ్మ కూర్చోబెట్టి జడేస్తుంది, మీరేమో మెడ అటూ ఇటూ తిప్పి ఆవిడ ప్రాణం తీస్తారు.

"గాలి తగ్గింది. తెప్ప ఉందో పోయిందో చూసొస్తాను," అని ఎర్రయ్య బయటికెళ్ళేడు. దాలమ్మ తడిసిన బొంత ఆరెయ్యాలని పిల్లని గుమ్మంలో దింపింది. బొంత దులిపేంతసేపే.

గున్నమ్మకి ఎండ కొత్త, బురద కొత్త, అంత పొడుగు మనిషి మరీ కొత్త. బుడిబుడి అడుగులేసుకుంటూ పోయి తుఫాను ముందు నిలబడింది. చేతులు నెత్తి మీద పెట్టుకుంది. పిర్రలూపింది. కాలెత్తింది.

తుఫానుకి ఇంక ముడి గుర్తులేదు. సగం చుట్టిన జుట్టు వదిలేసి, రెండు చేతులూ చాచి, పిల్లని అందుకోవాలని ముందుకి వంగింది.

వెనకున్న జుట్టంతా ఒక్కసారే ముందుకి పడింది.

పొద్దున్నించీ సముద్రం వైపు నుంచి కొట్టిన గాలి, ఈసారి ఊరి వైపు నుంచి కొట్టింది. వల పోయింది. రాళ్ళు పోయేయి. కప్పు పోయింది. తుఫాను మొహం మీంచి జుట్టు తోసుకుని చూసేసరికి చాచిన చేతులు చాచినట్టే ఉన్నాయి. పిల్ల లేదు.

ఎర్రయ్య ఈదేడు. దాలమ్మ గొంతులోతు నీళ్ళలోకి దిగి పేరు పెట్టి పిలిచింది. తుఫాను ప్రతి కెరటాన్నీ ఎత్తి కింద చూసింది. దొరకలేదు.

"నా చేతులు దాన్ని తాకనేలేదు," అంది తుఫాను.

దాలమ్మ తిట్టలేదు. "ముడేసుకోమన్నాం కదమ్మా," అంది. అంతే అంది.

ముసల్ది ఇసకలో కూలబడింది. "నాలుక్కరుచుకున్నా ఏం లాభం? ఇలా రావే, నేనేస్తాను ముడి, అనుండాల్సింది," అంది. కానీ అప్పటికే తుఫాను ఆ మాట వినపడనంత దూరం పోయింది.

అప్పటినుంచే తుఫాను తిన్నగా రాదు. సముద్రంలో బయల్దేరినప్పటినుంచీ జుట్టు చుట్టుకుంటూ, చుట్టుకుంటూ, గుండ్రంగా తిరుగుతూ వస్తుంది. ఆ ముడి మధ్యలో గాలి లేకుండా కాస్త చోటు ఉంచుతుంది. అక్కడ చినుకు కూడా పడదు. ఆ కాసేపూ ఊపిరి బిగబట్టి, ఏ గుమ్మంలోంచైనా గున్నమ్మ వస్తుందేమోనని చూస్తుంది. రాదు. ముడి జారిపోతుంది. అప్పుడు అవతలి వైపు నుంచి గాలి విరుచుకుపడుతుంది.

అందుకే గాలి ఆగింది కదా అని వాకిట్లోకి పరిగెత్తబోతే మీ అమ్మ రెక్క పట్టుకుని లోపలికి లాగుతుంది. తుఫానుకి మీ మీద కోపమేం లేదు. ముడెయ్యడమే ఇంకా రాలేదు పాపం.