రెండువందల పదకొండు రోజులు

ఆరు నెలలుగా ఓబులేసుకు ఏ ఆటా నచ్చడం లేదు.

ఇంకొకరికైతే అదొక కష్టమే కాదు. ఓబులేసుకు మాత్రం బతుకుతెరువు అదే. వీడియో గేములు ఆడటం, ఆడినవాటి మీద తన అభిప్రాయం చెప్పడం. హైదరాబాదులో తన గదిలో కెమెరా ముందు కూర్చుని మొహమాటం లేకుండా మాట్లాడేవాడు. చానెల్‌ పేరు 'ఉన్నదున్నట్టు'. లక్షల మంది చూసేవారు.

"పాత ఆటల్లో మూడు ప్రాణాలుండేవి. మూడూ పోతే ఆట ముగిసినట్టే. అందుకే వేళ్లు వాటంతట అవే నేర్చుకునేవి. ఇప్పుడు ఎన్నిసార్లు చచ్చినా పడినచోటే లేస్తావు. చావుకు కూడా మర్యాద లేకుండా పోయింది."

"మొదటి గంటంతా ఎట్లా నడవాలో నేర్పిస్తున్నారు. నాకు నలభై రెండేళ్లు. నడవడం వచ్చు."

"చెట్టు నిజం చెట్టులా ఉంది, నీళ్లు నిజం నీళ్లలా ఉన్నాయి. ఆడాలన్న కోరిక ఒక్కటే లేదు."

ఇట్లాంటి మాటలకు జనం పడిపడి నవ్వేవారు. నవ్వే కొద్దీ అతని నాలుక ఇంకా పదునెక్కింది. కొన్నాళ్లకు ఒక ఆట మొదలుపెట్టగానే, అది ఏమిటో తెలియకముందే, దాన్ని ఏమనాలో నోటికి వచ్చేసేది. ఆ తర్వాత ఆడటానికి ఏమీ మిగిలేది కాదు.

ఒక ఉదయం కెమెరా పెట్టుకుని నోరు తెరిచాడు. మాట రాలేదు. అరగంట అట్లాగే కూర్చుని, లేచి, బ్యాగు సర్దుకుని ప్రొద్దుటూరు బస్సెక్కాడు.

ప్రొద్దుటూరు అతని సొంతూరు. అక్క ఇల్లు ఇంకా అక్కడే ఉంది. కానీ అతను వెళ్లింది అక్క కోసం కాదు, ఉస్తాద్‌ కోసం.

ఉస్తాద్‌ అసలు పేరు మాబుసాబ్‌. గుడ్డలంగళ్ల వీధి వెనక ఇరవై ఏళ్లపాటు వీడియో గేముల అంగడి నడిపాడు. ఆరు మిషన్లుండేవి. చెడిపోతే వెనక తలుపు తీసి తనే బాగు చేసుకునేవాడు. ఆడటానికి వచ్చిన వాళ్లకు ఎట్లా ఆడాలో ఒక్కనాడూ చెప్పింది లేదు. వెనక నిలబడి చూసేవాడు. ఎవరైనా మిషన్‌ మీది జాయ్‌స్టిక్‌ కర్ర మరీ బిగించి పట్టుకుంటే, వంగి, ఒక్క వేలు మెల్లగా వదులు చేసి పోయేవాడు. ఓబులేసుకు ఆట వచ్చిందంటే ఆ ఒక్క వేలి వల్లే.

ఇప్పుడు ఉస్తాద్‌కు డెబ్బై ఆరు. అంగడి ఎప్పుడో మూతపడింది. చేతులు వణుకుతున్నాయి. ఇంటి ముందుగదిలో ఒక్క మిషన్‌ మాత్రం గుడ్డ కప్పి ఉంచుకున్నాడు.

"ఎప్పుడొస్తివి ఓబులేసూ?"

"ఇప్పుడే ఉస్తాద్‌. బస్సు దిగి నేరుగా ఇట్లే వస్తి."

"తిన్నావా?"

"తింటాలే. ఒక మాట అడగాలని వచ్చినా." కూర్చోకుండానే అడిగేశాడు. "ఆటలు చెడిపోయినాయా ఉస్తాద్‌, నేను చెడిపోయినానా?"

ఉస్తాద్‌ లేచి మిషన్‌ మీది గుడ్డ తీసి స్విచ్చి వేశాడు.

"ఆడు."

అది విమానాల ఆట. ఓబులేసు తన వీడియోల్లో కనీసం నూరుసార్లు పొగిడిన ఆట. కర్ర పట్టుకోగానే ముఖం విప్పారింది. ఏ మూల నుంచి ఏ విమానం వస్తుందో వేళ్లకు ఇంకా గుర్తుంది. మొదటి దశ దాటాడు, రెండోది దాటాడు. పావుగంట గడిచేసరికి అలవాటు కొద్దీ నోరు తెరుచుకుంది.

"ఈ గుండు నాకు తగల్లేదు ఉస్తాద్‌. పక్కనుంచి పోయింది. తగిలినట్టు చూపిస్తోంది."

ఉస్తాద్‌ వెనక నిలబడి చూస్తున్నాడు.

"మూడో దశ అంటే మళ్లీ మొదటిదే. ఆకాశం రంగు మార్చినారు, అంతే. చేసేదానికి బద్ధకమై వదిలేసినారు."

"అప్పుడూ ఇదే కదా."

"అప్పుడు తెలీలేదు."

"తెలిసుంటే ఆడేవాడివి కాదా?"

ఓబులేసు చేయి ఆగింది. విమానం కూలిపోయింది. ఇంకా రెండు ప్రాణాలున్నాయి, కానీ అతను కర్ర వదిలేశాడు. ఇన్నేళ్లుగా కొత్తవాటిని కొట్టడానికి ఈ పాతదాన్ని కర్రలా వాడుకున్నానే తప్ప, దీన్ని ఆడి ఇరవై ఏళ్లు దాటిందని అప్పుడు గుర్తొచ్చింది.

గోడ గడియారం పదకొండు కొట్టింది.

"నా నీళ్ల టైం అయింది," అన్నాడు ఉస్తాద్‌. కిటికీ పక్కన మనవరాలు నస్రీన్‌ ల్యాప్‌టాప్‌ ఉంది. దాని ముందు కూర్చుని తెరిచాడు.

తెర మీద ఒక వీధి. ఎండ. గుమ్మం పక్కన వేపచెట్టున్న ఒక ఇల్లు, వీధి చివర ఒక చేదబావి. ఉస్తాద్‌ బొమ్మ బిందె పట్టుకుని బావి దగ్గరికి నడిచింది. వణికే వేళ్లతో ఆయన ఒక్కో మీట నొక్కుతుంటే చేద పైకి వస్తోంది. దారిలో ఒక ముసలామె అరుగు మీద కూర్చుని, "మాబూ, కాలు నొప్పి తగ్గిందా?" అంది. ఉస్తాద్‌ చిన్నగా నవ్వాడు, నిజంగా ఎవరో పలకరించినట్టు.

ఓబులేసు తెర దగ్గరికి వంగాడు. ఆ ఆట అతనికి తెలుసు.

దాని పేరు 'బిందె'. జమ్మలమడుగు అమ్మాయి, లోకేశ్వరి అని, ఒక్కతే కూర్చుని రెండేళ్లు కష్టపడి చేసింది. అందులో శత్రువులు లేరు, మార్కులు లేవు. రోజుకు ఒక్క బిందె నీళ్లు తోడి ఇంటికి తేవాలి. పది నిమిషాలు కాగానే ఆట తనే ఆగి 'రేపు రండి' అంటుంది. ఆ రేపు నిజం రేపే. అంతకు ముందు ఎంత నొక్కినా తెరుచుకోదు.

దాని మీద ఓబులేసు చేసిన వీడియో అతని వీడియోలన్నిటిలోకి ఎక్కువ మంది చూసింది. "రేపు రమ్మంటోంది! ఇదేమన్నా రేషన్‌ షాపా? అమ్మా లోకేశ్వరీ, నీళ్లు తోడాలని అంత సరదాగా ఉంటే మా ఇంటికి రా, మోటరు చెడిపోయి మూడు రోజులైంది." ఆ మాట ముక్క కోసి జనం ఊరూరా తిప్పారు.

పది నిమిషాలయ్యాయి. 'రెండువందల పదకొండో రోజు ముగిసింది. రేపు రండి' అని తెర మీద వచ్చింది. ఉస్తాద్‌ చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు.

"మా నస్రీన్‌ పెట్టిచ్చింది. ఇప్పుడు కావాలన్నా దొరకదంట. ఎవడో ఏందో అన్నాడంట, ఆ పిల్ల మనసు విరిగి తీసేసిందంట."

ఓబులేసు తెర మీది అక్షరాలు మరోసారి చదివాడు. తర్వాత, "ఆ ఎవడో నేనే ఉస్తాద్‌," అన్నాడు.

ఉస్తాద్‌ తలెత్తి చూశాడు. ఆ చూపులో కోపం లేదు.

"ఎన్ని రోజులు ఆడినావు?"

"ఒక్క రోజు." కాస్త ఆగి, "అది కూడా మొత్తం కాదు," అన్నాడు.

ఉస్తాద్‌ మళ్లీ తెర వైపు తిరిగాడు. ఆ ఆటలో ఆడేవాళ్లకు ఉన్నది ఒక్కటే ఇల్లు. అందులో ఒకరే ఉండాలి. ఇంకొకరు రావాలంటే ఉన్నవాళ్లు ఖాళీ చేయాలి. తెర మూలన అందుకొక గుర్తు ఉంది. ఉస్తాద్‌ దాన్ని నొక్కాడు. 'నిజంగా ఇల్లు ఖాళీ చేస్తారా?' అని ఆట అడిగింది.

"ఉస్తాద్‌, వద్దు! ఇంకో కంప్యూటర్లో..."

ఆ మాట పూర్తయ్యేలోపే ఉస్తాద్‌ 'అవును' నొక్కేశాడు.

ముసలామె, అరుగు, గుమ్మం పక్కన పెరిగిన వేపచెట్టు, రెండువందల పదకొండు రోజులు అన్నీ చెరిగిపోయాయి. ఎండిన వీధి ఒక్కటే మిగిలింది. ఉస్తాద్‌ వణుకుతున్న కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని కాసేపు ఉన్నాడు. తర్వాత కుర్చీలోంచి లేచాడు.

"కూచో బేటా."

మధ్యాహ్నం కాలేజీ నుంచి వచ్చిన నస్రీన్‌ విషయం తెలిసి ఏడ్చినంత పని చేసింది. "నాకు చెప్పుంటే నా పాత కంప్యూటర్లో ఎక్కించి ఇచ్చేదాన్ని కదా దాదా! ఎంతసేపు పని అది!" ఉస్తాద్‌ ఆమె తల నిమిరి ఊరుకున్నాడు. ఓబులేసు మాత్రం ఆ రోజు అన్నం ముందు కూర్చుని తినలేక లేచాడు.

అక్క ఇంట్లోనే ఉండిపోయాడు. రోజూ పదకొండుకు వచ్చేవాడు. మొదటి రోజు, రెండో రోజు, మూడో రోజు అదే ఎండ, అదే బావి. తాడు ఎంత లాగినా చేద ఒక పట్టాన పైకి రాదు. నాలుక చివరిదాకా ఏదో ఒక మాట వచ్చేది. వెనక ఉస్తాద్‌ ఉన్నాడని మింగేవాడు. నాలుగో రోజు బిందెలో మిగిలిన నీళ్లు గుమ్మం పక్కన పోశాడు, ఊరికే. ఆరో రోజు అక్కడ రెండు ఆకులు కనిపించాయి. కొత్త ఆటలో మళ్లీ అరుగు మీదికి వచ్చిన ముసలామె అతని వైపు చూసేదే కాదు. తొమ్మిదో రోజు తల తిప్పి, "ఎవరింటి పిల్లోడివి నాయనా?" అని అడిగింది.

ఓబులేసు కళ్లు తుడుచుకున్నాడు. ఉస్తాద్‌ చూడనట్టే ఉన్నాడు.

ఆ సాయంత్రం ఫోన్లోనే వీడియో తీసి పెట్టాడు. "నేను ఆ ఆట పది నిమిషాలు కూడా ఆడకుండా మాట్లాడినా. తప్పు చేసినా." చాలా తక్కువమంది చూశారు. చూసినవాళ్లు కింద రాసింది ఒక్కటే, 'రేషన్‌ షాపు' అని. అతను విసిరిన మాట అతని చేతికి మళ్లీ అందేట్టు లేదు.

మర్నాడు పొద్దున్నే జమ్మలమడుగు వెళ్లాడు. లోకేశ్వరి ఒక ప్రైవేటు స్కూల్లో కంప్యూటర్‌ పాఠాలు చెబుతోందని నస్రీన్‌ కనుక్కుని చెప్పింది. ఇంటర్వెల్లు గంట కొట్టాక వరండాలోకి వచ్చింది. పాతికేళ్లుంటాయి. చేతులకు సుద్దపొడి.

"నేను ఓబులేసు..."

"తెలుసు సార్‌. మీ గొంతు నాకు బాగా తెలుసు."

అతను బస్సులో కూర్చుని కూడగట్టుకున్న మాటలన్నీ ఆ ఒక్క మాటతో చెదిరిపోయాయి. క్షమించమని మాత్రం అనగలిగాడు.

"మీరన్నది అబద్ధం కాదు సార్‌. మెల్లగానే ఉంటుంది. మా అవ్వ అట్లనే నీళ్లు తెచ్చేది. రోజుకు పది నిమిషాలు కూడా ఆమెతో మాట్లాడలేదు నేను, చదువు చదువు అని. ఆమె పోయినాక చేసినా దాన్ని. అందుకే రోజుకు పది నిమిషాలు." దుమ్ము దులుపుకుంటున్నట్టు చేతులు రుద్దుకుంది. "నేనీ స్కూల్లో చేరిన కొత్తలో పిల్లోళ్లు నన్ను చూసి, రేపు రండి మేడమ్‌, అని నవ్వేవాళ్లు. వాళ్లకేం తెలుసు."

"మళ్లీ పెట్టమ్మా. ఈసారి నేను..."

"లేదు సార్‌. ఆరోజే అన్నీ తుడిచేసినా, కోపంలో."

"ఇంకొకటి?"

"కూచుంటా ఉంటా. చేతులు రావు."

ఓబులేసు ఆమె సుద్దపొడి చేతుల వైపు చూశాడు. "మా ఉస్తాద్‌ దగ్గరొకటి ఉంది. రెండువందల పదకొండు రోజులు ఆడినాడు ఆయన," అన్నాడు.

లోకేశ్వరి చేతులు ఆగిపోయాయి.

"రెండువందలు దాటినాడా?"

"దాటినాడు."

"అయితే వాన చూసుంటాడు." ఆమె ఒక అడుగు దగ్గరికి వచ్చింది. "రెండువందో రోజు వాన పడుతుంది సార్‌. ఆ ఒక్క రోజుకే నాలుగు నెలలు పట్టింది నాకు. అందాకా ఎవరూ పోలేదనుకున్నా. ఎట్లుండిందంట?"

"నేను అడగలేదు."

"అడిగి చెప్పండి సార్‌. ఎట్లుండిందో అది ఒక్కటి చెప్పండి."

గంట కొట్టారు. ఆమె లోపలికి వెళ్లిపోయింది. ఉస్తాద్‌ ఇల్లు ఖాళీ చేసిన సంగతి ఆమెకు చెప్పలేకపోయాడు.

ప్రొద్దుటూరు చేరేసరికి మధ్యాహ్నం రెండయింది. ఉస్తాద్‌ కిటికీ దగ్గరే కూర్చుని ఉన్నాడు. ల్యాప్‌టాప్‌ మూసి ఉంది. ఓబులేసు వచ్చి ఆయన ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"ఉస్తాద్‌, వాన పడిందంట కదా. ఆ పిల్ల అడిగింది. ఎట్లుండె?"

ఉస్తాద్‌ చాలాసేపు కిటికీలోంచి బయటికి చూశాడు. ఏదో గుర్తొచ్చినట్టు ఆయన ముఖంలో ఒక వెలుగు కదిలి, అట్లాగే ఆగిపోయింది. తర్వాత మెల్లగా లేచి, కుర్చీ అతని వైపు జరిపాడు.

"చూసినాక నువ్వే చెప్పు."

ఓబులేసు కూర్చున్నాడు. అది పదో రోజు.