ఊపిరాడని నువ్వుచేలు

ఒకానొక మెట్టరాజ్యాన్ని ఉద్దండవర్మ అనే రాజు ఏలుతుండేవాడు. మనసు మంచిదే గాని, తాను చేసిందల్లా గొప్పేనన్న నమ్మకం మహా జాస్తి. కొండవాగుకు అడ్డుకట్ట వేసి కాలువ తవ్వించిన నాటినుంచి, భట్రాజుల చేత 'అపర వరుణదేవా' అని పిలిపించుకుంటున్నాడు.

ఆ ఏడు రైతులు నువ్వులు చల్లారు. మొలకలు రెండాకులు వేశాయో లేదో, రాజు ఏనుగెక్కి అటుగా వచ్చాడు. నేల పైకి పొడిగా కనిపించింది.

"అపర వరుణుడి రాజ్యంలో పైరుకు దాహమా! తూములు ఎత్తండి. నేను చెప్పేదాకా దించడానికి వీల్లేదు!" అన్నాడు.

"లోపల చాలినంత తడి, పదును ఉంది మహారాజా, ఇప్పుడు నీళ్లొద్దు" అని రైతులు లబోదిబోమన్నారు. వినేదెవరు? చేలన్నీ చెరువులయ్యాయి. మొలకలు ముందు పసుపు రంగుకు తిరిగాయి, తర్వాత తలలు వాల్చి కుళ్లిపోయాయి.

కబురు విని రాజు మండిపడ్డాడు. "నీళ్లు పోస్తే ఏ ప్రాణైనా చస్తుందా? నా కాలువకు చెడ్డపేరు తేవాలని రైతులే పాడుచేశారు. శనివారం వెళ్లాక అందరినీ పొలాల నుంచి వెళ్లగొట్టండి!"

రాజును నవ్వించడానికని కొలువులో ఏచన అనే చమత్కారి ఉన్నాడు. పుట్టింది నువ్వులు పండించే ఇంట్లోనే. ఆ తీర్పు వినేసరికి అతని నవ్వు ఎగిరిపోయింది. చేనికి వెళ్లి మొలకను లాగి చూశాడు. వేరు నల్లబడి, వేలు తగిలితే చాలు తొక్క ఊడి వస్తోంది. గట్టు మీద కూచున్న ముసలామె, "విత్తనమంతా చల్లేశాం అయ్యగారూ. పొలం కూడా పోతే ఏ ఊరు పోవాలి?" అంది. రాజును కాదంటే తన తల పోతుంది. ఊరుకుంటే ఊరే పోతుంది.

శనివారం రాజుకు తలంటు.

"ఇవాళ నీళ్లు పోసే భాగ్యం నాకు ఇప్పించండి ప్రభూ" అని ఏచన వేడుకున్నాడు. రాజు సరేనన్నాడు. నువ్వులనూనె అంటి, కుంకుడు రసంతో రుద్దడం అయ్యాక ఏచన చెంబు అందుకున్నాడు. ఒక చెంబు, వెంటనే మరొకటి, దాని మీద ఇంకొకటి. ధార తెగనివ్వలేదు.

"ఒరే, ఆ..." అనేలోపు నోట్లోకి నీళ్లు పోయాయి. "ఆగరా! ఊపిరి... ఊపిరాడటం లేదు!"

కాపలా భటులు కత్తులు దూసి పరుగెత్తుకొచ్చారు. ఏచన చెంబు దించి చేతులు కట్టుకున్నాడు.

"ద్రోహీ! నీళ్లు పోసి చంపుదామనుకున్నావా?" అన్నాడు రాజు, దగ్గుతూ.

"ఎంతమాట! నీళ్లు పోస్తే ఏ ప్రాణీ చావదని నిండు సభలో తమరే సెలవిచ్చారు. ఆ మాట నమ్మే పోశాను."

రాజు నురగ తుడుచుకుని, "నాకైతే ముక్కుంది. మొక్కకేముంది?" అన్నాడు.

"వేరుంది ప్రభూ. మట్టి సందుల్లో ఉండే గాలితోనే అది బతుకుతుంది. సందులన్నీ నీళ్లతో నిండితే దానికీ ఇదే గతి. కాకపోతే, అది ఆగమని అరవలేదు."

రాజు జుట్టు పిండుకుంటూ అడిగాడు, "అయితే అసలు నీళ్లే వద్దంటావా?"

"వద్దంటే ఎండిపోతుంది. గుప్పెట్లో పిసికితే మట్టి ముద్ద కావాలి, వేలితో నొక్కితే విడిపోవాలి. నువ్వుల మొలకకు ఆ పదును చాలు."

రాజు తడిజుట్టుతోనే చేనికి వెళ్లాడు. మట్టి పిసికితే వేళ్ల సందుల్లోంచి బురద కారింది. అక్కడికక్కడే తూములు దింపించి, నీరు పోయేందుకు కాలువలు తీయించాడు. వెళ్లగొట్టమన్న ఆజ్ఞ రద్దుచేసి, కోట గాదెల నుంచి విత్తనం ఇప్పించాడు. నేల పదునుకు వచ్చిందో లేదో రోజూ తానే పిసికి చూసి, మరీ చల్లించాడు. ఈసారి మొలకలు నిటారుగా లేచాయి.

నిండు సభలో రాజు లేచి, "ఏచనా, నన్ను ముంచి నా రాజ్యాన్ని తేల్చావు. నా చేతులతో నీకు కనకాభిషేకం చేస్తాను!" అన్నాడు.

ఏచన గబుక్కున తల మీద చేతులు పెట్టుకున్నాడు. "మహాప్రభో, చేయండి గాని, మధ్యమధ్య కాస్త ఊపిరి తీసుకోనివ్వండి!"

రాజు పగలబడి నవ్వాడు. ఆ నవ్వు ఆగకుండానే దోసిలి నిండా వరహాలు తీసుకుని, ఆగి ఆగి పోశాడు.