అంకమ్మ అలిగిన మాట

అనగా అనగా, మీ తాతల తాతలకు ఇంకా ఊఁ కొట్టడం కూడా రాని రోజుల్లో, ఒక ఏటి ఒడ్డున పెద్ద విద్యాశాల ఉండేది. ఆ విద్యాశాలకు ఒక నాటకమేళం ఉండేది. నాటకాలు పండితులు రాసేవారు. తాళం విద్యార్థులు వేసేవారు. వేషాలు మాత్రం చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు కట్టేవారు. కుండలు చేసేవాడు రాజయ్యేవాడు, గొర్రెలు కాచేవాడు మంత్రయ్యేవాడు.

ఆ మేళానికి మూడు కట్టుబాట్లు. ఒకటి, ఏ ఊళ్ళో ఆడినా ఆ ఊరు పెట్టిన పూట భోజనం తప్ప ఇంకేమీ పుచ్చుకోకూడదు. రెండు, దీపాలు పెట్టే వేళకు ఆట ముగియాలి. విద్యాశాలలో ఉన్న నూనె చదువుకునే పిల్లలకే చాలేది కాదు మరి. మూడు, తెర వెనక మాట అందించేవాళ్ళ గొంతు తెర దాటకూడదు.

ఈ కథ ఆ మూడో కట్టుబాటు దగ్గర మొదలవుతుంది.

అంకమ్మ విద్యాశాల ఊడ్చే మనిషి. అక్షరం ముక్క రాదు. వసారా ఊడుస్తూ, లోపల పిల్లలు వల్లించేది వింటూ ఉండేది. ఒకసారి వింటే చెవిలో, రెండోసారి వింటే నోట్లో, మూడోసారి వింటే గుండెలో. ఇక పోదు.

ఒకనాడు నాటకం నేర్పుతుంటే వేషగాడు మాట మరిచిపోయాడు. పండితులు తాటాకులు తిరగేసి వెతుక్కుంటున్నారు. అంకమ్మ చీపురు ఆపకుండానే ఆ మాట అందించింది. విద్యాశాల పెద్ద గురువును అందరూ పెద్దయ్యవారు అనేవారు. ఆయన నవ్వి, "నాటకానికి అంకం ఉండాలంటారు. మన నాటకానికి అంకమ్మే ఉంది" అన్నారు. ఆ రోజు నుంచి తెర వెనక ఆమెకొక పీట వేశారు.

రాజు వేషం భూషయ్యది. కుండలు చేసుకునే మనిషి. నిలువెత్తు విగ్రహం, గంటలాంటి గొంతు. వచ్చిన చిక్కల్లా మతిమరుపు. గొంతెత్తి మొదలుపెడతాడు, నడుమ ఆగిపోతాడు. తెర వెనక నుంచి అంకమ్మ, చీమ నడిచినంత మెల్లగా, మాట అందిస్తుంది. అతను అందుకుంటాడు. జనం ఆహా అంటారు.

మాట అంకమ్మది, మెప్పు భూషయ్యది.

మొదట్లో ఆమెకు అది సరదాగానే ఉండేది. కానీ అసూయ బియ్యంలో పురుగులాంటిది. ఎప్పుడు పట్టిందో ఎవరూ చూడరు.

ఒక ఊళ్ళో ఆట అయ్యాక జనం బంతిపూల దండతో వచ్చారు. అంకమ్మ తెర మడుస్తూ ఎదురుపడితే, కాస్త పక్కకు తప్పుకో అమ్మా, రాజుగారు కనబడటం లేదు అన్నారు. ఆమె తప్పుకుంది. మాట అంకమ్మది, మెప్పు భూషయ్యది.

రెండో ఊళ్ళో ఆడవాళ్ళు భూషయ్యకు ఎర్రనీళ్ళు తిప్పి దిష్టి తీశారు. తీసిన పళ్ళెం నాలుగు దారుల దగ్గర పారబోసి రమ్మని అంకమ్మ చేతికిచ్చారు. ఆమె పారబోసి వచ్చింది. దారంతా పళ్ళు కొరుక్కుంటూనే ఉంది. మాట అంకమ్మది, మెప్పు భూషయ్యది.

మూడో ఊరు అంకమ్మ పుట్టిన ఊరు. సొంత అన్న కూతురు ఆటకు వచ్చింది. మేనత్త పక్కనుంచే పోయి భూషయ్య కాళ్ళకు దణ్ణం పెట్టింది. "ఇన్నిన్ని మాటలు ఎట్లా గుర్తుంటాయి బాబాయ్ మీకు?" అంది.

భూషయ్య నవ్వి ఊరుకున్నాడు.

దండ పోతే పోయింది. దిష్టి పోతే పోయింది. గుర్తుండటం ఒక్కటే అంకమ్మ సొత్తు, అది కూడా అతని ఖాతాలోకే పోయింది. ఆ పూట ఆమె అన్నం ముట్టలేదు. తెర ఇవతల ఒక్కసారి, ఒక్కరైనా తన పేరు తలవాలి. ఆమెకు కావలసింది అంతే.

అప్పుడే విద్యాశాలకు గడ్డురోజు వచ్చింది. ఆ సీమ ఏలే దొరకు గుర్రాల సాల కావలసి వచ్చింది. నాటకాలాడే మంటపం మీద కన్ను పడింది. ఆట చూస్తాను, బాగుంటే మంటపం మీది, బాగాలేకపోతే గుర్రాలది అని కబురంపాడు.

దొర వచ్చాడు. ఆట మొదలైంది. అది ఒక రాజు కథ. అక్క రాజ్యం కాజేసిన రాజు, చివరికి కొలువులో నిలబడి తప్పు ఒప్పుకోవాలి. భూషయ్య కిరీటం మీద చెయ్యి వేసి, "నా తలమీది ఈ కిరీటం" అన్నాడు. ఆగిపోయాడు.

అంకమ్మ నోరు తెరవలేదు.

మరిచిపోయిందనుకునేరు. కాదు. మాట నాలుక చివరే ఉంది. పెదవులు బిగించి కూచుంది. ఈ మాట లేకుండా ఏలుకో చూస్తాను, అనుకుంది.

భూషయ్య రెండోసారి, "నా తలమీది ఈ కిరీటం" అన్నాడు. చెమటకు ముఖాన పూసుకున్న రంగు కారుతోంది. తెర వెనక చప్పుడు లేదు. పెద్దయ్యవారు గబగబా తాటాకులు తిరగేస్తున్నారు.

మూడోసారి, "నా తలమీది ఈ కిరీటం" అన్నాడు. ఈసారి దొర వైపు తిరగలేదు. తెర వైపు తిరిగాడు. కిరీటం తీసి చేత్తో పట్టుకున్నాడు.

"అంకమ్మక్కా," అన్నాడు అందరికీ వినబడేట్టు, "నాకు గుర్తులేదు. మాట అందించు."

తెర ఇవతల తన పేరు. అంకమ్మకు కట్టుబాటు గుర్తురాలేదు. గొంతు తెర దాటింది.

"నాది కాదు, అరువుది."

భూషయ్య అదే మాట అందుకుని పలికాడు. మంటపం మారుమోగింది. దొర లేచి నిలబడ్డాడు. రాజు మాట పోగొట్టుకోవడం, కనబడని అక్కను అడగడం, ఆమె అందివ్వడం, ఇట్లాంటి ఆట చూడలేదన్నాడు. మంటపం మీదే అన్నాడు. ఏం ఆడాడు, ఏం ఆడాడు అని భూషయ్యనే మెచ్చుకున్నాడు.

చూశారా, మళ్ళీ అతనికే.

భూషయ్య ఊరుకుంటే సరిపోయేది. ఊరుకోలేదు. "నేను ఆడలేదు దొరా, నిజంగా మరిచిపోయాను. మాటలన్నీ ఆమెవి" అని తెర పక్కకు లాగాడు. పీట మీద అంకమ్మ, పక్కన చీపురు. దొర, ఇచ్చిన మాట తప్పనని చెప్పి వెళ్ళిపోయాడు.

జనం పోయాక భూషయ్య ముఖం కడుక్కుంటుంటే అంకమ్మ చెంబుతో నీళ్ళు పోసింది.

"నేను మరిచిపోలేదు భూషయ్యా. అలిగాను."

"నువ్వు మరిచిపోయే మనిషివా అక్కా? తెలుసు."

"తెలిసీ దొర ముందు నా పేరెందుకు చెప్పావు?"

"నీ మీద నాకెంత కుళ్ళో నీకేం తెలుసు. నువ్వు ఏటికి పోయినా మాటలు నీ వెంటే వస్తాయి. నేను తెర విడిచి నాలుగడుగులు పోతే మూగోణ్ణి. మీ అన్న కూతురు అట్లా అన్ననాడు, కాదమ్మా, మీ అత్తే అనడానికి నోరు రాలేదు. ఈవేళ వచ్చింది."

అంకమ్మ చెంబు దించి నవ్వింది. "అయితే ఇద్దరం ఒక్క పొయ్యి మీదే ఉడుకుతున్నామన్నమాట" అంది.

ఆ తర్వాత ఆమె అసూయ పోయిందా అంటే, పూర్తిగా పోలేదు. భూషయ్యకు దండ మరీ పెద్దదేస్తే, మర్నాడు మాట ఒక్క గుక్క ఆలస్యంగా అందేది. అతను తెర వైపు ఓరగా చూసి, ఆ దండ తెచ్చి పీటకు చుట్టేవాడు. కానీ ఆ కిరీటం ఘట్టంలో మాత్రం, ఏ ఊళ్ళో ఆడినా, అతను పేరు పెట్టి అడిగేవాడు. ఆమె పెద్దగా పలికేది. మూడో కట్టుబాటును పెద్దయ్యవారే కొట్టేశారు.

ఏళ్ళు గడిచాయి. ఒక వానాకాలం అంకమ్మ పోయింది.

ఆమె లేని మొదటి ఆటనాటికి భూషయ్య ముసలివాడయ్యాడు. తెర వెనక పీట ఖాళీ. కిరీటం ఘట్టం వచ్చింది. ఆ మాట అతను ఎప్పుడో నేర్చుకున్నాడు. అయినా అలవాటుగా తెర వైపు తిరిగాడు. "అంకమ్మక్కా, మాట అందించు" అన్నాడు. అన్నాక గుర్తొచ్చింది. చెయ్యి కిరీటం మీదే ఉండిపోయింది.

ముందు వరసలో ఒకావిడ సన్నగా అంది, "నాది కాదు."

ఆమె అంకమ్మ అన్న కూతురు. వెంటనే పక్కవాళ్ళు అందుకున్నారు. ఆ వెనకవాళ్ళు అందుకున్నారు. మంటపమంతా ఒక్క గొంతుతో పలికింది.

"నాది కాదు, అరువుది."

ఇప్పటికీ ఆ సీమలో ఆట కడితే తెర వెనక ఒక ఖాళీ పీట వేస్తారు. వేసిన మొదటి దండ దానికే. రాజు వేషగాడు కావాలనే ఆగుతాడు, జనం మాట అందిస్తారు. బళ్ళో పిల్లవాడు పద్యం నడుమ ఆగిపోతే అక్కడ ఎవరూ నవ్వరు. "అంకమ్మ అలిగింది, కాస్త బతిమాలుకో" అంటారు. వాడు కళ్ళు మూసుకుని అక్కా అంటాడు. పక్కవాడు మెల్లగా అందిస్తాడు.

కథ తెర వెనక్కి, మాట మీ నోట్లోకి.